కార్డు తీసిందెవరు

లాయరమ్మ అబద్ధం చెబుతోందని జిగురుకు కాఫీ రాకముందే తెలిసిపోయింది. ఎందుకు చెబుతోందో మాత్రం కాఫీ చల్లారిపోయినా అంతుపట్టలేదు.

"ఆయన్ని చూసి వారమైంది," అంది ఆవిడ.

"నిన్న చూడలేదా?"

"లేదు."

"ఫోన్లో మాట్లాడటం కాదు. మనిషిని చూడటం గురించి అడుగుతున్నా."

"నేనూ దాని గురించే చెబుతున్నా."

"సరే. అంటే నిన్న చూడలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీకు జిగురు అని పేరెందుకు పెట్టారో ఇప్పుడర్థమైంది."

అర్థం కానివాళ్ళు తక్కువ. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, పట్టుకుంటే వదలడని తోటివాళ్ళు తగిలించిన పేరది. ఉద్యోగం ఎప్పుడో ఊడింది గానీ పేరు ఊడలేదు. సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక కూడా, ఫోన్ చేసేవాళ్ళు "జిగురు గారేనా అండీ" అనే అడుగుతారు. అతనూ "ఆఁ, జిగురే, చెప్పండి" అనడానికి అలవాటు పడిపోయాడు.

ఆ పొద్దున్నే ఒక పిల్ల అతని ఆఫీసుకు వచ్చింది. పిల్లంటే మరీ చిన్నది కాదు, నిన్ననే మొదటి ఉద్యోగంలో చేరింది. తల్లి లేదు. తండ్రి మోటారు పంపులు తయారుచేసే పెద్ద కంపెనీకి ఎం.డి. నిన్న సాయంత్రం ఆరుంపావుకి ఆయన తన ఆఫీసు గది బాల్కనీ నుంచి కిందపడి చనిపోయాడు. పోలీసులు ఆత్మహత్య అన్నారు. కంపెనీవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, రాజీనామా చేసి మరీ దూకాడన్నారు. మెడలో ఉండాల్సిన కంపెనీ కార్డు, ఫోను, కారు తాళం అన్నీ బల్ల మీద బుద్ధిగా పెట్టి ఉన్నాయట. ఆ పిల్లకు రాజీనామా గొడవ పట్టలేదు. ఆమె గొడవ వేరే.

"నా మొదటి రోజని నాన్న రాత్రి భోజనానికి తీసుకెళ్తానన్నాడు, అంకుల్. ఐదున్నర దాటాక ఫోన్ చేసి రాలేనన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ఆఫీసులోనే ఉండిపో, ఇంటికి రాకు అని పెట్టేశాను." అక్కడ ఆగిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే జిగురుకు కొంచెం నయంగా ఉండేది. "నా మాటకి దూకాడా, కాదా? అదొక్కటి చెప్పండి. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

కింద కారులో మావయ్య ఎదురుచూస్తున్నాడని చెప్పి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా పోలీసులు కేసు మూసేస్తారు. మూసేస్తే ఆ పిల్ల ఆ ఒక్క మాటను జన్మంతా మోస్తుంది. జిగురుకు పిల్లల్లేరు. అయినా వెంటనే బయల్దేరాడు.

అందుకే ఇప్పుడు ఇక్కడ కూర్చున్నాడు. చనిపోయే ముందు ఎం.డి. ఎక్కువగా మాట్లాడింది ఈ లాయరమ్మతోనే.

పెద్ద కంపెనీల్లో పెద్ద కుర్చీలెక్కేవాళ్ళకు ఉద్యోగ ఒప్పందాలు రాసిపెట్టడం ఆవిడ పని. జీతమెంత, వాటాలెన్ని అనేది ఎవరైనా రాస్తారు. ఆవిడ దృష్టంతా ఆ మనిషి బయటికి నడిచే రోజు మీదే. తీసేస్తే ఏమివ్వాలి, మానేస్తే ఏమివ్వాలి, పోతే ఎవరికివ్వాలి. చేరే రోజున అందరూ పూలగుత్తులు పట్టుకుని పళ్ళికిలిస్తుంటే, ఈవిడ వెనక గదిలో కూర్చుని 'కారణం లేకుండా తొలగించడం' అంటే ఏమిటో తేల్చమని కంపెనీ లాయర్ల ప్రాణం తోడేసేది. పెళ్ళిచూపుల్లోనే విడాకుల కాగితం తయారుచేసే రకం అని తోటి లాయర్లు వేళాకోళం చేసేవాళ్ళు. ఆవిడ కాదనేది కాదు.

"మీ బ్యాగు బాగుంది," అన్నాడు జిగురు.

ఆవిడ అనుమానంగా చూసింది.

"అడుగున పచ్చ స్టిక్కరు అంటుకుని ఉంది. ఆ కంపెనీ గేటు దగ్గర వచ్చినవాళ్ళకి అంటించేది. రోజుకో రంగు. ఇవాళ నాకు పసుపు అంటించారు. లోపలికి మాత్రం పంపలేదు, అది వేరే సంగతి. నిన్నటి రంగు పచ్చ అని అక్కడే కనుక్కుని వచ్చాను."

ఆవిడ బ్యాగు తిప్పి చూసుకుంది. స్టిక్కరు గోటితో పీకి ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది. తడబడలేదు, మొహం మాత్రం కాస్త గట్టిపడింది.

"నాలుగింటికి వెళ్ళాను. ఐదున్నరకు ముందే వచ్చేశాను."

"మరి అబద్ధమెందుకు?"

"ఉద్యోగం పోతుందని ముందే తెలిసి నా క్లయింటు తయారవుతున్నాడని బయటపడితే, ఒప్పందంలో నేను కష్టపడి పెట్టించిన సగం మాటలు ఎందుకూ పనికిరాకుండా చేస్తారు. చనిపోయినా ఆయన నా క్లయింటే."

"తయారవడమంటే ఏంటి?"

ఆవిడ కిటికీ పక్కనున్న ఒంటరి కుర్చీ చూపించింది. "చెబితే అర్థం కాదు. అందులో కూర్చోండి."

కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్న ఆవిడ చూస్తుండగానే వేరే మనిషైపోయింది. గొంతు మారింది, వెనక్కి జారగిలబడింది, మొహం మీదికి ఎక్కడలేని జాలి వచ్చింది.

"టీ తాగుతారా? వద్దా, సరే. మిమ్మల్ని పెట్టుకున్న అమ్మాయి ఇందాక ఫోన్ చేసింది. మొహమాటస్థురాలు, మీతో చెప్పలేక నాతో చెప్పుకుంది. పోలీసు ఉద్యోగం నుంచి మిమ్మల్ని ఎందుకు పంపించారో ఆమెకి ఎవరో చెప్పారట."

"నన్నెవరూ పంపలేదు. నేనే మానేశాను."

"అలాగే అనుకుందాం. మీరు వెళ్ళిన రోజు స్టేషన్లో స్వీట్లు పంచుకున్నారటగా. మీ శిష్యుడే పంచాడని విన్నాను."

ఆట అని జిగురుకు తెలుసు. తెలిసినా చెవులు వేడెక్కాయి.

"మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. వయసు మీద పడింది, కేసులు రావడం లేదు. తండ్రి పోయిన పిల్ల దొరికింది. ఆ ఏడుపు మీద నాలుగు రోజులు బతికేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది."

జిగురు లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. జేబులోంచి డిటెక్టివ్ లైసెన్సు కార్డు తీసి బల్ల మీద విసిరికొట్టాడు. "ఈ ముష్టి నాకక్కర్లేదు. ఉంచుకోండి."

లాయరమ్మ మళ్ళీ లాయరమ్మ అయింది. కార్డు తీసి అతని చేతిలో పెట్టింది.

"చూశారా. నేను మిమ్మల్ని పొమ్మనలేదు. ఆ మాటే ఎత్తలేదు. మీరే కార్డు ఇచ్చేసి లేచిపోయారు."

జిగురుకు సిగ్గేసింది. మళ్ళీ కూర్చుని నీళ్ళు తాగాడు.

"పెద్దవాళ్ళని ఇలాగే సాగనంపుతారు," అంది ఆవిడ. "తీసేస్తే బోలెడు ఇచ్చుకోవాలి. అందుకని పౌరుషం మీద కొడతారు. ఆయన ఒప్పందం ప్రకారం, కంపెనీ వస్తువులు తన చేత్తో అప్పగిస్తే రాజీనామా చేసినట్టు. చిల్లిగవ్వ రాదు, వాటాలన్నీ వెనక్కి పోతాయి. ఉద్యోగంలో ఉండగా పోతే మాత్రం అన్నీ కూతురివే. అందుకే నా క్లయింట్లందరికీ ఈ కుర్చీలో రిహార్సల్ చేయిస్తాను. చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. ఎన్ని మాటలన్నా పడాలి. కార్డు అడిగితే 'మీరే తీసుకోండి' అనాలి. మన చేత్తో మాత్రం తీయకూడదు."

"ఎం.డి.కి వచ్చిందా ఈ విద్య?"

"మొదటి రోజు మీలాగే. తర్వాత గట్టిపడ్డాడు. నిన్న ఆయన గదిలోనే చివరి రిహార్సల్. చచ్చిపోయిన భార్య గురించి కూడా అన్నాను. కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. అలాంటి మనిషి గంట తిరక్కుండా కార్డు తీసి బల్ల మీద పెట్టాడంటే నేను నమ్మను."

"నమ్మకపోతే మీకు లాభం కూడా ఉంది. ఆ పిల్లకు వచ్చేదాంట్లో మీ భాగం ఉంటుందిగా."

"ఉంటుంది," అంది తడుముకోకుండా. "నన్నూ అనుమానించండి. మీ చోట నేనున్నా అదే చేస్తాను. కానీ ఆ గదిలోకి నన్ను తీసుకెళ్ళండి."

జిగురు సరేనన్నాడు. సాయం కోసం కాదు. అనుమానం ఉన్న మనిషిని కళ్ళముందే ఉంచుకోవడం అతని అలవాటు.

* * *

ఎం.డి. గది తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. చొక్కా మీద చిన్న మడత పడినా ఓర్చుకోలేడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఇస్త్రీ అంటారు. ఒకప్పుడు జిగురు దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు జిగురు కనబడితే పన్ను నొప్పి వచ్చినట్టు మొహం పెడతాడు.

"గురువుగారూ, ఇక్కడ మీకేం పని? మూడున్నరకి గది కంపెనీకి అప్పగించాలి."

"నేను ఉద్యోగం వదిలిన రోజు స్వీట్లు పంచావటగా?"

ఇస్త్రీ ఇబ్బందిగా కదిలాడు. "స్వీట్లు కాదండీ. బిస్కెట్లు."

"బిస్కెట్లకి బదులు పావుగంట ఇవ్వు."

ఇస్త్రీ లాయరమ్మను ఎగాదిగా చూసి పక్కకు తప్పుకున్నాడు. "పావుగంటే. ఏదీ ముట్టుకోవద్దు."

విశాలమైన గది. బాల్కనీ తలుపు తీసే ఉంది. పక్క గోడకు ఇంకో తలుపుంది.

"అదెక్కడికి?"

"డైరెక్టర్లు కూర్చునే గదికి. తాళాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి."

"కెమెరా?"

"వరండాలో ఉంది. ఈవిడ వెళ్ళాక ముందు తలుపులోంచి ఎవరూ రాలేదు."

"పక్క తలుపుకి?"

"లేదు."

"కంపెనీ చైర్మన్ నిన్న సాయంత్రం ఎక్కడున్నాడు?"

"పై అంతస్తులో, తన గదిలో. గురువుగారూ, ఆయన జోలికి వెళ్ళకండి. పొద్దున్నుంచి మా పెద్దాయనకి రెండుసార్లు ఫోన్ చేశాడు."

"రాజీనామా చేశాడని అందరికంటే ముందు ప్రకటించిందీ ఆయనే. ఎందుకంత తొందర?"

"బల్ల మీద కార్డు చూశాడు, ప్రకటించాడు. మీరు ప్రతిదానికీ అనుమానపడితే ఎలాగండీ?"

బల్ల మీద నాలుగు వస్తువులు ఒక వరసలో ఉన్నాయి. నీలం తాడున్న కార్డు, ఫోను, కారు తాళం, చేతి వాచీ. చుట్టూ పోలీసులు గీసిన సుద్దగీత. లాయరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి బల్ల వైపు చూస్తోంది.

"వాచీ ఎందుకు తీసినట్టు?" అన్నాడు జిగురు.

"పగిలిపోతుందని."

"చావబోయేవాడికి వాచీ పగిలితే ఏం?"

"దూకేవాళ్ళు చెప్పులు కూడా విప్పి పెడతారు. మీరు నేర్పిందే నాకు."

అది నిజమే. జిగురు మోకాళ్ళు పట్టుకుని వంగి, బల్ల ఎత్తుకు మొహం పెట్టి కార్డు తాడు చూశాడు. చాలాసేపు చూశాడు. ఇస్త్రీ గడియారం వైపు చూడటం మొదలుపెట్టాడు.

"నీ మెడలో కూడా కార్డుందిగా. ఒకసారి తీసి ఇలా ఇవ్వు."

"ఎందుకండీ?"

"ఇవ్వవయ్యా."

ఇస్త్రీ విసుక్కుంటూ తాడు తల మీదుగా ఎత్తి, జుట్టు చెదరకుండా తీసి ఇచ్చాడు. జిగురు తాడు వెనకభాగం చూపించాడు. మెడ వెనక వచ్చే చోట చిన్న ప్లాస్టిక్ క్లిప్పు. దేనికైనా చిక్కుకుంటే మెడ బిగుసుకోకుండా ఊడిపోవడానికి పెడతారు దాన్ని. ఇస్త్రీ కార్డుకి ఆ క్లిప్పు పెట్టినట్టే ఉంది.

"మళ్ళీ వేసుకో."

ఇస్త్రీ వేసుకుని కాలరు సర్దుకుంటుండగా జిగురు ముందునుంచి కార్డు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. టప్ మని క్లిప్పు ఊడి తాడు విడిపోయి చేతిలోకి వచ్చింది. ఇస్త్రీ మెడ పట్టుకున్నాడు. చొక్కా నలిగింది.

"ఏంటండీ ఇది, మతి పోయిందా?"

"ఇప్పుడు బల్ల మీద తాడు చూడు."

ఇస్త్రీ చూశాడు. నీలం తాడు వెనక క్లిప్పు ఊడి ఉంది. రెండు కొసలనూ పక్కపక్కన చేర్చి పెట్టారు గానీ తగిలించలేదు.

"తన కార్డు తను తీసుకునేవాడు నీలాగే తల మీదుగా తీస్తాడు," అన్నాడు జిగురు. "క్లిప్పు ఊడే పనే లేదు. ఎదురుగా ఉన్నవాడు గుంజితేనే ఊడుతుంది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇవ్వనని ఉంటాడు. వచ్చినవాడు లాక్కున్నాడు. తర్వాతేం జరిగిందో బాల్కనీ చెబుతుంది."

"అది ముందే ఊడి ఉండొచ్చు." ఇస్త్రీ గొంతులో పట్టు తగ్గింది. మెడ రుద్దుకున్నాడు. "డాక్టరు మెడ వెనక ఎర్రగా గీత ఉందన్నాడు. పడ్డప్పుడు గీసుకుందనుకున్నా."

"నీ మెడ చూసుకో అద్దంలో."

ఇస్త్రీ చూసుకోలేదు. వేలితో తడుముకుంటేనే తెలిసింది.

"డిటెక్టివ్ గారూ." లాయరమ్మ గొంతు. గుమ్మంలోంచి బల్ల దాకా వచ్చింది. మొహంలో రక్తం లేదు. జిగురు ఆవిడను పొద్దున్నుంచి అనుమానిస్తూనే ఉన్నాడు. ఈ భయం మాత్రం నటన కాదనిపించింది. "ఈ వరస నేను చూశాను. నా గదిలో, మొదటి రోజు. కోపం వచ్చి కార్డు పెట్టాడు, ఫోన్ పెట్టాడు, తాళం పెట్టాడు, ఆఖరికి వాచీ కూడా విప్పాడు. పదేళ్ళ సర్వీసుకి కంపెనీ ఇచ్చిన వాచీ అది. బహుమానం తిరిగి అడగరండీ అని నేను నవ్వాను. ఇదే వరస. ఇలాగే."

జిగురు మెదడులో ఏదో చప్పున కదిలింది. "అంటే ఇది పెట్టినవాడు ఆ మొదటి రోజు చూశాడు. ఆయన కోపమొస్తే ఇలా చేస్తాడనే వాడికి తెలుసు. తర్వాత చేతులు కట్టేసుకోవడం నేర్చుకున్నాడని తెలియదు. ఆ రోజు మీ గదిలో ఇంకెవరున్నారు?"

అదే క్షణంలో అతని ఫోన్ మోగింది. ఆ పిల్ల.

లాయరమ్మ జవాబు విని ఎత్తి ఉంటే సరిపోయేది. కానీ పొద్దున ఏడవకుండా కూర్చున్న ఆ మొహం కళ్ళముందు మెదిలింది. ఒక్క నిమిషం కూడా ఆ పిల్లను అలా ఉంచబుద్ధి కాలేదు. ఎత్తాడు.

"అంకుల్, ఏమైనా తెలిసిందా? ఉండలేక చేశాను."

"తెలిసిందమ్మా. మీ నాన్న దూకలేదు."

అంతటితో ఆగలేదు జిగురు.

"నీ మాటకి ఏమీ కాలేదు తల్లీ. ఎవరో చేశారు ఈ పని. నీ తప్పు ఇసుమంత కూడా లేదు. నీ మీద ఒట్టు."

అప్పుడు ఏడ్చింది. నిన్నటినుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు, వెక్కివెక్కి ఏడ్చింది. వింటున్న జిగురుకు గుండె తేలికైంది. ఈ వృత్తిలోకి వచ్చినందుకు అప్పుడప్పుడూ సంతోషించే క్షణాలు కొన్ని ఉంటాయి. ఇది అలాంటిదే అనుకున్నాడు.

"మావయ్యా, నాన్న దూకలేదంట," అంటోంది ఆ పిల్ల, ఫోన్ పక్కకు తిప్పి. "విన్నావా మావయ్యా? అంకుల్, స్పీకర్ పెట్టాను, మావయ్యకి కూడా చెప్పండి. కారు నడుపుతున్నాడు. ఇంట్లో ఫోన్లు ఎక్కువైపోయాయని నన్ను కొండమీద గెస్ట్‌హౌస్‌కి తీసుకెళ్తున్నాడు."

లాయరమ్మకు ఆ మాటలు వినబడలేదు. తన జవాబు తాను చెప్పింది, మెల్లగా. "బావమరిది. మొదటి రోజు ఆయనకి తోడుగా వచ్చింది బావమరిదే. కంపెనీలో ఫైనాన్స్ డైరెక్టరు. ఎం.డి. కుర్చీకి తర్వాత వరస కూడా ఆయనదే."

జిగురు అరచేత్తో ఫోన్ మూశాడు. ఆవిడ మాట అవతలికి పోలేదు. కానీ అతను అన్న మాట ఎప్పుడో పోయింది.

చెయ్యి తీసేసరికి ఆ పిల్ల ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఏడుపులోనే హుషారుగా, గబగబా. "ఇప్పుడు గుర్తొస్తోంది అంకుల్. నేను ఫోన్ పెట్టేసే ముందు గదిలోకి ఎవరో వచ్చారు. నాన్న రమ్మన్నాడు. వచ్చినాయన ఏదో అన్నారు కూడా. ఆ గొంతు నాకు బాగా..."

"ఆగమ్మా."

ఫోన్లో ఇంజను చప్పుడు వినబడుతోంది. గేరు మారింది. ఎత్తు ఎక్కుతోంది కారు. జిగురు ఇస్త్రీ వైపు చూసి, లాయరమ్మను చూపించి, ఫోన్ను చూపించి, చేత్తో స్టీరింగు తిప్పినట్టు తిప్పాడు. ఒకప్పుడు తన దగ్గర పనిచేసినవాడు కాబట్టి ఇస్త్రీకి రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. లాయరమ్మను రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళి, ఒక చెవి ఆవిడ మాటలకు వదిలి, రెండో చెవికి ఫోన్ పెట్టుకున్నాడు. కొండదారి, కారు, నంబరు అన్న మాటలు ముక్కలుగా వినబడ్డాయి. పోలీసులు ఆ కారును చేరేదాకా ఆ పిల్లకు ఏ గొంతూ గుర్తు రాకూడదు.

"నమస్కారమండీ," అంది మగగొంతు. నెమ్మదైన గొంతు, మర్యాద ఉన్న గొంతు. "మా అమ్మాయి ఏదో అంటోంది. మా బావగారిది ఎవరో చేసిన పని అన్నారటగా. ఎవరండీ?"

"పొరపాటు పడ్డాను సార్," అన్నాడు జిగురు. "కార్డు ఎవరో తీశారని ఒక లెక్క వేసుకున్నా. ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి, నాదే తప్పని చూపించారు. మీ బావగారే తీసి పెట్టారు. కేసు మూసేస్తున్నారు."

"అంకుల్, ఇందాక దూకలేదన్నారు కదా." ఆ పిల్ల గొంతు చిన్నదైపోయింది. "ఒట్టు వేశారు కదా."

"తొందరపడ్డానమ్మా. నువ్వు బాధపడుతుంటే చూడలేక అనేశాను. వయసైపోయింది."

"మరి గదిలోకి వచ్చినాయన?"

"కాఫీ కప్పులు తీసుకెళ్ళే మనిషి. కనుక్కున్నాం. వెంటనే వెళ్ళిపోయాడు."

"చూశావా, నేను చెప్పలా?" అన్నాడు మావయ్య, ప్రేమగా. "ఊరుకో, నేనున్నాగా."

గేరు మళ్ళీ మారింది. జిగురు వరండా వైపు చూశాడు. ఇస్త్రీ ఇంకొంచెంసేపు అన్నట్టు చెయ్యి ఊపాడు.

"అంటే నేను ఫోన్ పెట్టేశాక నాన్న ఒక్కడే ఉన్నాడు," అంది ఆ పిల్ల.

"అవునమ్మా."

"నా మాటకేనా అంకుల్?"

జవాబు కోసం ఆ పిల్ల ఒక్కతే ఎదురుచూడటం లేదు. స్టీరింగు పట్టుకున్నవాడూ చూస్తున్నాడు. జిగురు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అవునమ్మా," అన్నాడు. "నీ మాటకే."